బార్నెనెజ్ సమాధి దిబ్బ

బార్నెనెజ్ సమాధి దిబ్బ ఫ్రాన్సు దేశమునకు వాయవ్య దిశలో, బ్రిటనీ ప్రాంతపు సముద్రతీరమున ఉన్న నవీన శిలాయుగపు సమాధి కట్టడము. రాళ్ళను గుట్టగా పేర్చి కట్టిన ఇటువంటి సమాధులను కెయిర్న్ అని పిలుస్తారు. క్రీస్తు పూర్వము సుమారు 4800 - 4000 సంవత్సరాల మధ్య నిర్మింపబడిన ఈ కట్టడము, ఐరోపా ఖండములోని అతి ప్రాచీన బృహత్ శిలా కట్టడాలలో ఒకటి. ఈజిప్టు పిరమిడ్లకన్నా ఇది సుమారు రెండు వేల సంవత్సరాలు పూర్వపుది.

ఉనికి

ఇది ఫినిస్తేర్ జిల్లాలోని ప్లుయెజోక్ గ్రామమునకు సమీపమున, మోర్లే అఖాతమునకు ఎదురుగా ఒక చిన్న ద్వీపకల్పముపై ఉన్నది. దీనిని నిర్మించిన కాలములో సముద్రమట్టము ఇప్పటికన్నా తక్కువగా ఉండేది. అందువలన నేడు అఖాతపు నీటిలో మునిగియున్న భూమిలో కొంత భాగము ఆనాడు మైదానముగా ఉండేది.

నిర్మాణము

దిబ్బ పొడవు సుమారు 72 మీటర్లు, వెడల్పు 25 మీటర్ల వరకు, ఎత్తు 8 మీటర్లకు పైగా ఉన్నది. ఇందులో 11 సమాధి గదులు కలవు. ప్రతి గదికి వేరుగా ఒక ఇరుకైన నడవ ఉన్నది. ఈ నడవలన్నీ దిబ్బకు దక్షిణపు వైపున తెరుచుకుంటాయి.

కట్టడము రెండు దశలలో జరిగినది. మొదటి దశలో తూర్పు భాగమున 5 గదులను నిర్మించారు. ఇందుకు ఎక్కువగా అక్కడే లభించే డోలెరైట్ రాతిని వాడారు. తరువాతి దశలో పడమటి వైపు 6 గదులను చేర్చారు. ఈ భాగములో గ్రానైట్ ఎక్కువగా కనబడుతుంది.

అనేక గదుల పైకప్పును సున్నము వంటి అతుకు ఏదీ లేకుండా నిర్మించారు. ఒక్కొక్క వరుస రాళ్ళను క్రింది వరుసకన్నా కొద్దిగా లోపలికి జరుపుతూ పేర్చుకొనిపోగా, చివరకు పైన రంధ్రము మూసుకొని గుమ్మటపు ఆకారము ఏర్పడుతుంది. పైనున్న రాళ్ళ బరువే వరుసలను కదలకుండా పట్టి ఉంచుతుంది.

చెక్కడాలు, లభించిన వస్తువులు

కొన్ని గదులలోని రాళ్ళపై గొడ్డళ్ళు, విల్లులు, అలల వంటి గీతలు చెక్కబడి ఉన్నాయి. తవ్వకాలలో మట్టిపాత్రల ముక్కలు, రాతి పనిముట్లు లభించాయి. ఇక్కడి నేలకు ఆమ్ల గుణము ఉండుటచే ఎముకలు దాదాపుగా నిలువలేదు. అందువలన ఇక్కడ ఎవరిని, ఎందరిని ఖననము చేశారన్నది నిర్ణయించుట సాధ్యము కాలేదు.

విధ్వంసము, పరిరక్షణ

1950వ దశకము మధ్యలో ఒక గుత్తేదారు ఈ ప్రదేశమును రాతి క్వారీగా వాడుకొన్నాడు. ప్రక్కనే ఉన్న మరొక చిన్న దిబ్బ దాదాపు పూర్తిగా నాశనమైనది. పెద్ద దిబ్బను త్రవ్వుచుండగా సమాధి గదులు బయటపడుటతో పని నిలిపివేయబడినది. అనంతరము పురావస్తు శాస్త్రవేత్త పియెర్ రోలాన్ జియో ఆధ్వర్యములో 1968 వరకు తవ్వకాలు, పునరుద్ధరణ జరిగాయి. క్వారీ వలన కోతపడిన భాగమును పూర్తిగా కప్పివేయలేదు. అందుచేత సందర్శకులు కొన్ని గదులను నిలువుకోతగా చూచి, పైకప్పు నిర్మాణ విధానమును తెలుసుకొనవచ్చును.

పోలిక

తెలుగు ప్రాంతాలలో రాక్షసగుళ్ళు అని పిలువబడే బృహత్ శిలా సమాధులు అధికముగా ఇనుప యుగమునకు చెందినవి. బార్నెనెజ్ వాటికన్నా కొన్ని వేల సంవత్సరాలు పూర్వపుది. లోహముల వాడుక తెలియని సమాజము దీనిని నిర్మించినది.