ఒక రేఫ చరిత్ర

బ్యాంకులో ముప్పయ్యేళ్ళుగా నేను చేస్తున్న పనుల్లో ఒకటి పేర్లు సరిచూడడం. హోసూరు వైపు మన తెలుగువారి పేరు పట్టాలో ఒకలా, పాసుపుస్తకంలో ఒకలా, సంతకంలో మరొకలా ఉంటుంది. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను, కామర్సు విద్యార్థిని. అయినా కెనడాలోని అతికమెక్వుల చరిత్ర చదువుతుంటే ఇది ఎరిగిన కథేననిపించింది.

క్వెబెక్ రాష్ట్రంలో సెయింట్ మారిస్ నది ఎగువనున్న అడవులు వారి సీమ. దానిని వారు 'నితస్కినన్' అంటారు. అంటే 'మా నేల'. 'మన' కాదు, 'మా'. మనకున్నట్టే వారికీ ఆ భేదం ఉంది. చుట్టూ ఉన్న ఫ్రెంచికి లేదు. మనవన్, వెమొతషి, ఒపిచివన్ అనే మూడు ఊళ్ళలో ఎక్కువమంది ఉన్నారు. భాష మాట్లాడేవారు ఆరేడు వేలు.

వీరి భాష క్రీ భాషా కుటుంబంలోది. ఆ కుటుంబపు శాఖలను ఒక్క ధ్వనితో గుర్తుపట్టవచ్చు. 'మనిషి' అనే మాటను పశ్చిమ మైదానాలవారు 'ఇయినివ్' అంటారు. చిత్తడి నేలలవారు 'ఇనినివ్' అంటారు. మూస్ నది వారిది 'ఇలిలివ్'. అతికమెక్వులది 'ఇరినివ్'. పదిహేడో శతాబ్దంలో సెయింట్ లారెన్స్ ఉత్తర తీరాన జెసూట్ గురువులు రాసుకున్న మాటల్లోనూ ఈ రేఫ ఉండేది. అక్కడ అది క్రమంగా 'ల'గా, 'న'గా మారిపోయింది. అతికమెక్వుల నోట మాత్రం నిలిచింది.

వారికి ప, త, క, చ లున్నాయి. వాటికి జతగా బ, ద, గ, జ లు వేరు అక్షరాలుగా లేవు. తమిళ లిపి ఎరిగిన మనకు ఇది వింత కాదు. అచ్చుల్లో అ, ఇ, ఒ లకు హ్రస్వదీర్ఘాలున్నాయి. ఏకారం మాత్రం సంస్కృతంలో లాగ దీర్ఘమే. ఫ్రెంచివారు తమ చెవికి తోచినట్టు 'ఒబెజివన్' అని రాసిన ఊరిని వారు తమ అక్షరాలతో 'ఒపిచివన్' అని రాసుకుంటారు. జాతి మొత్తానికి 'గుండ్రని తలలవారు' అని ఫ్రెంచిలో పెట్టిన పేరును కూడా వదిలించుకుని, తెల్లచేప అనే అర్థమున్న అతికమెక్వ్ అన్న పేరునే నిలబెట్టుకున్నారు.

ఇది సులువుగా దక్కలేదు. 1918లో కట్టిన ఆనకట్ట వల్ల ఒపిచివన్ ఊరు మునిగింది. 1950ల నుంచి పిల్లలను దూరపు వసతి పాఠశాలలకు తరలించారు. అక్కడ తల్లి భాషకు చోటు లేదు. ఆ తరం తిరిగి వచ్చి, ఊరి బడిలో చిన్న తరగతుల చదువు తమ భాషలోనే మొదలయ్యేట్టు చేసుకుంది. 2017లో ఆ భాషలో వికీపీడియా కూడా వెలువడింది. అందులో మనవన్ హైస్కూలు విద్యార్థుల చేయి ఉంది.

ఆరేడు వేలమంది ఒక రేఫను కాపాడుకున్నారు. మనం కోట్లమందిమి. అయినా సరిహద్దుకు ఇవతల మన ఇళ్ళలో ఎన్ని మాటలు నిలిచాయో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి. నా మట్టుకు నేను ఒక చిన్న పని మొదలుపెట్టాను. ఖాతా తెరవడానికి వచ్చిన తెలుగువారిని, ఫారం నింపే ముందు, "అయ్యా, మీ పేరు మీరెలా పలుకుతారు?" అని అడుగుతున్నాను.