దుమ్ము ఆపాలా, గుర్రాలు పెంచాలా?

యూటా రాష్ట్రంలో ఒక రైతు కొత్త ట్రాక్టర్ కొన్నాడు. కొన్న నాటి నుంచీ దాని ఇంజిన్ మొరాయిస్తూనే ఉంది. రిపేరు చేయించి పొలంలో దింపితే నాలుగు సాళ్లు దున్నేలోపు మళ్లీ మొదటికి వచ్చేది. అమ్మింది బుల్ ట్రాక్టర్ కంపెనీ. సంగతేమిటో తేల్చడానికి వెళ్లిన ఆ కంపెనీ అమ్మకాల మనిషి ఫ్రాంక్ డొనాల్డ్‌సన్‌కు తప్పు ఇంజిన్‌లో కాక అది పీల్చే గాలిలో కనిపించింది. ఎండు నేలను దున్నుతుంటే లేచే దుమ్మంతా నేరుగా సిలిండర్లలోకి పోతోంది. ఆయన ఒక తీగ చట్రానికి గుడ్డ చుట్టి, గాలి దాని గుండానే లోపలికి పోయేలా అమర్చాడు. ట్రాక్టర్ బతికింది, ఆయన ఉద్యోగం ఊడింది. మన బండిలో లోపం ఉందని నువ్వే ఒప్పుకున్నట్టయింది కదా అని పైవాళ్లకు కోపం. ఇది 1915 నాటి మాట. అదే ఏడాది మినెసోటాలో ఆయన పెట్టుకున్న డొనాల్డ్‌సన్ కంపెనీ ఇప్పటికీ ఫిల్టర్లే చేస్తోంది.

ఇప్పుడు అమెరికాలో ఏ ఆటో విడిభాగాల దుకాణానికి వెళ్లినా ఎయిర్ ఫిల్టర్ల అర ముందు నిలబడితే దుమ్ము మాట తక్కువగా, హార్స్‌పవర్ మాట ఎక్కువగా కనిపిస్తుంది. ఎర్రటి నూలు గుడ్డతో చేసినవి, మెరిసే అల్యూమినియం గొట్టంతో వచ్చేవి, ‘పెర్ఫార్మెన్స్’ అని పెద్దక్షరాల్లో రాసినవి. ఇంజిన్‌ను కాపాడటానికి పుట్టిన వస్తువు వేగాన్ని అమ్మే సరుకుగా మారడం వెనక పెద్ద కథే ఉంది. అందులో సగం ఎడారుల్లోనే నడిచింది.

మొదటి రోజుల్లో కార్లకు ఫిల్టర్ అనేదే లేదు. ఫోర్డ్ మోడల్ టి లక్షల్లో అమ్ముడైనప్పుడు గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ నోరు తెరిచే ఉండేది. 1924లో వాల్టర్ క్రైస్లర్ తన పేరుతో తెచ్చిన మొదటి కారులో ఆయిల్ ఫిల్టర్‌తో పాటు కార్బురేటర్‌కు ఎయిర్ ఫిల్టర్ కూడా ఉండటం అప్పట్లో గొప్పగా చెప్పుకోదగ్గ విషయం. తర్వాత ఆయిల్ బాత్ రకం వచ్చింది. గాలి నూనె గిన్నె మీదుగా ఒక్కసారి వెనక్కి మళ్లుతుంది, బరువైన ధూళి ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతుంది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పాత ట్రాక్టర్లు నడిపినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. గిన్నె విప్పి, అడుగున పేరుకున్న నల్లటి మడ్డి పారబోసి, కొత్త నూనె పోసిన చేతులే వాళ్లవి. అమెరికా కార్లలో 1950ల తర్వాత దాని స్థానంలోకి మడతల కాగితం వచ్చింది. చవక, తేలిక, నిండితే పారేయడమే.

ఏ ఫిల్టర్ ఎంత దుమ్ము ఆపుతుందో తేల్చాలంటే అందరూ ఒకే దుమ్ము వాడాలి. దానికోసం అమెరికన్లు అరిజోనా వెళ్లారు. ఫీనిక్స్ నగరం చుట్టూ ఉన్న సాల్ట్ రివర్ లోయలో ఎడారి ధూళిని పోగుచేసి, జల్లించి, రేణువుల సైజును బట్టి వేరుచేసి, జనరల్ మోటార్స్ వారి ఏసీ స్పార్క్ ప్లగ్ విభాగం ప్రయోగశాలలకు సరఫరా చేసేది. సన్నరకం, ముతకరకం అని రెండు. మన్నుకు మార్కెట్ ఏమిటని నవ్వొచ్చుగానీ, ఆ మన్నులో మూడింట రెండు వంతులకు పైగా ఉండేది సిలికా. ఇసుకలో ఉండేదీ అదే. ఇనుమును అరగదీసేంత గట్టిది. అది పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య చిక్కితే బోరు అరుగుతుంది, బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, వెనక నుంచి నీలం పొగ వస్తుంది. ఈనాటికీ ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ పరీక్షలో ఫిల్టర్ మీద చల్లేది అరిజోనా మన్ను తరహా ధూళినే. గాలికి ఎంత అడ్డుపడుతోంది, ఎంత శాతం ధూళిని ఆపుతోంది, నిండేలోపు ఎన్ని గ్రాములు పట్టుకోగలదు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు అందులో దొరుకుతుంది. డబ్బా మీద మాత్రం మొదటిదానికే పెద్దపీట.

ఆ పెద్దపీట వేసింది దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సులున్నాయి. బల్లపరుపు నేల, అడ్డొచ్చేవాడు ఉండడు. పాత ఫోర్డులను విప్పి, అక్కర్లేనివన్నీ పీకేసి అక్కడ పరుగులు తీయించేవాళ్లు. పందేలను ఒక పద్ధతిలో నడపడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ఇలాంటి కార్ల కోసమే ‘హాట్ రాడ్’ పత్రిక మొదలుపెట్టాడు. పందెం రోజున ఇంజిన్ మన్నికతో ఎవరికీ పని లేదు. కార్బురేటర్ మీది ఫిల్టర్‌ను తీసి అవతల పారేసేవాళ్లు. గాలికి అడ్డు తగ్గితే బలం పెరుగుతుందన్న సూత్రం అమెరికా బుర్రకెక్కింది అక్కడే. అది అబద్ధమేమీ కాదు. చిన్న ఇరుకు మూతితో, పల్చటి ఫిల్టర్‌తో వచ్చే ఆనాటి కార్లలో నిజంగానే తేడా తెలిసేది.

కంపెనీలు కూడా ఆ దారి పట్టాయి. 1964లో ఫోర్డ్ డ్రాగ్ రేసుల కోసం సుమారు వంద ‘థండర్‌బోల్ట్’ కార్లు చేసింది. నాలుగు హెడ్‌లైట్లలో లోపలి రెండింటినీ తీసేసి, ఆ రంధ్రాలకు జల్లెడ బిగించి, అక్కడి నుంచి లావుపాటి గొట్టాలతో చల్లగాలిని ఇంజిన్‌కు పంపింది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ. అంత ఖర్చు పెట్టలేని కుర్రాళ్లు ఎయిర్ క్లీనర్ మూతను తిరగేసి పెట్టేవాళ్లు. పైసా ఖర్చు లేకుండా ఇంజిన్ గర్జించేది. వేగం పెరిగిందో లేదోగానీ, పెరిగినట్టు చెవులు చెప్పేవి. చెవుల సాక్ష్యం మీద నడిచే ఈ వ్యాపారం ఇప్పటికీ తగ్గలేదు.

రివర్‌సైడ్ లాస్ ఏంజెలెస్‌కు తూర్పున, ఎడారి అంచున ఉన్న ఊరు. అక్కడ మోటార్‌సైకిల్ వ్యాపారంలో ఉన్న కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 1969లో తమ పేర్ల మొదటి అక్షరాలతో కె అండ్ ఎన్ పెట్టారు. వాళ్ల ఖాతాదారులు ఎడారిలో మోటార్‌సైకిళ్లు తోలేవాళ్లు. పక్కనే మెక్సికోలో బాహా ఎడారి పందెం 1967లోనే మొదలై, దుమ్ములో పరుగు పెట్టడం ఒక ఆటగా నిలదొక్కుకుంది. ఫిల్టర్ తీసేస్తే ఇంజిన్ పందెం మధ్యలోనే పోతుంది. ఉంచితే ఊపిరాడదు. వాళ్లు పట్టుకున్న ఉపాయం పల్చటి నూలు గాజ్ గుడ్డ. తీగ జల్లెడల మధ్య పొరలు పొరలుగా గుడ్డ పెట్టి, మడతలు వేసి, దానికి ఎర్రటి నూనె పట్టిస్తారు. పోగుల మధ్య సందులు కాగితంలో కంటే పెద్దవి కాబట్టి గాలి ధారాళంగా వస్తుంది. ధూళిని నూనె జిగురు పట్టుకుంటుంది. మాసితే ఉతికి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి వాడుకోవచ్చు. ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ గుడ్డ యాభై ఏళ్లు తిరిగి మళ్లీ ఇంజిన్ మూతికి చేరిందన్నమాట. తర్వాతి దశాబ్దాల్లో చుట్టుపక్కల కరోనా, పొమోనా పట్టణాల్లోనూ ఇలాంటి కంపెనీలు వెలిశాయి. కార్ల వాళ్లూ కొనడం మొదలుపెట్టారు. 2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా వచ్చేనాటికి హోండా సివిక్‌కు చల్లగాలిని లాగే గొట్టం, అంటే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, బిగించడం ఒక తరం కుర్రాళ్లకు మొదటి ముచ్చట.

ఇక లెక్కకొద్దాం. లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే, గాలనుకు 30 మైళ్లిచ్చే కారు కోటీ ముప్ఫై లక్షల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. ఫిల్టర్ ఎందుకో ఈ ఒక్క అంకె చాలు. మరి బలం మాటేమిటి? వాతావరణ పీడనాన్ని నీటి మట్టంగా చెబితే దాదాపు 1,030 సెంటీమీటర్ల ఎత్తు. కొత్త ఫిల్టర్ వేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు దారిలో నష్టపోయే పీడనాన్ని పది సెంటీమీటర్లు తగ్గించామే అనుకుందాం. అది చాలా ఉదారమైన లెక్క. అయినా లాభం ఒక్క శాతం, అంటే 180 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజిన్‌కు రెండు గుర్రాలు కూడా పూర్తిగా రావు. పైగా మామూలు డ్రైవింగ్‌లో యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కేదెప్పుడు? సగం తొక్కినప్పుడు గాలిని ఆపుతున్నది ఫిల్టర్ కాదు, థ్రాటిల్ పలకే. అది మన పాదమే మూసి ఉంచిన తలుపు. ఇప్పటి కార్లు బానెట్ కింది వేడిగాలిని కాక ముందు గ్రిల్ దగ్గరి చల్లగాలినే పీల్చేలా కంపెనీలో తయారవుతున్నాయి. థండర్‌బోల్ట్ చేసిన పనిని పిల్లలను బడిలో దింపే క్యామ్రీ కూడా చేస్తోంది.

2009లో టెనెసీలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ ఈ విషయాన్ని ఇంకో వైపు నుంచి పరీక్షించింది. ఫిల్టర్లను కావాలని మూసుకుపోయేలా చేసి కార్లను నడిపింది. కంప్యూటర్‌తో పెట్రోలు కొలిచి పోసుకునే ఆధునిక కార్లలో మైలేజీ తగ్గలేదు. వచ్చే గాలిని చూసుకుని కంప్యూటరే సర్దుకుంది. పికప్‌లో మాత్రం కొత్త ఫిల్టర్‌తో 6 నుంచి 11 శాతం మెరుగు కనిపించింది. పాత కార్బురేటర్ బండ్లలో మైలేజీ కూడా 2 నుంచి 6 శాతం పెరిగింది. గమనించాల్సింది ఒకటే, ఈ పోలిక మూసుకుపోయిన ఫిల్టర్‌కూ శుభ్రమైనదానికీ మధ్య. ఖరీదైనదానికీ చవకదానికీ మధ్య కాదు.

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఉద్యోగంలో చేరి సెకండ్ హ్యాండ్ సివిక్ కొన్న మనవాడు రూమ్మేట్‌ను అడిగేది రెండే. “మామా, కె అండ్ ఎన్ వేయిస్తే పికప్ పెరుగుద్దంటావా? వారంటీ పోదు కదా?” మొదటిదానికి జవాబు పైన అయిపోయింది. రెండోదానికి జవాబు 1975లోనే చట్టమైంది. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి కంపెనీ విడిభాగం వాడినంత మాత్రాన వారంటీ చెల్లదనడం కుదరదు. ఆ భాగం వల్లే చెడిందని తేలితే మాత్రం ఆ రిపేరు మన నెత్తినే. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. పాత ఫిల్టర్ స్థానంలో అదే డబ్బాలో పట్టే కొత్తది పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. డబ్బా, గొట్టం సహా మార్చే ఇన్‌టేక్ కిట్‌కు మాత్రం రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చే ఈవో నంబర్ ఉండాలి. లేకపోతే స్మాగ్ చెక్ అనే కాలుష్య తనిఖీలో బండి తప్పుతుంది. కొనేముందు ఆ నంబర్ వెతకడం హార్స్‌పవర్ అంకె చదవడం కంటే ఉపయోగం.

ఎంపిక విషయంలో నా పక్షపాతం దాచుకోను. 99 శాతం ధూళిని ఆపేదానికీ 97 శాతం ఆపేదానికీ తేడా రెండే అనిపిస్తుంది. లోపలికి పోయే దుమ్ము లెక్కన చూస్తే అది మూడింతలు. నూనె గుడ్డ ఫిల్టర్లు గాలి విషయంలో ఉదారం, ధూళి విషయంలోనూ కాస్త ఉదారమే. ఫీనిక్స్ శివార్లలోనో, పశ్చిమ టెక్సాస్ మట్టి రోడ్ల మీదో తిరిగేవాళ్లకు మంచి కాగితం ఫిల్టరే నా ఓటు. ఉతికి వాడుకోవాలన్న కోరిక ఉంటే నూనె అక్కర్లేని సింథటిక్ రకాలున్నాయి. నూనె రకమే కొంటే ఉతికాక పూర్తిగా ఆరనివ్వాలి, నూనె పొదుపుగా పట్టించాలి. ఎక్కువైతే ఆ తడి వెళ్లి గాలిని కొలిచే సెన్సర్ తీగ మీద కూర్చుంటుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ మూతిని బంపర్ వెనక కిందికి దించి బిగించుకున్నవాళ్లు హ్యూస్టన్ లాంటి ఊళ్లలో వాన కురిసిన రోజు నీళ్లు నిలిచిన రోడ్డు జోలికి పోకూడదు. ఇంజిన్ నీళ్లు పీలిస్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

ఆయిల్ మార్చడానికి వెళ్లినప్పుడు కుర్రాడొకడు మాసిన ఫిల్టర్ చేతిలో పట్టుకుని వచ్చి చూపించడం అమెరికాలో రివాజు. కాస్త నల్లబడగానే కంగారు పడక్కర్లేదు. కాగితం మీద పల్చగా పేరుకున్న ధూళి తానే ఇంకో వడపోత పొరగా పనిచేస్తుంది, అందుకే కొద్దిగా మాసిన ఫిల్టర్ కొత్తదాని కంటే ఎక్కువ దుమ్ము ఆపుతుంది. మన ఊళ్లో మెకానిక్‌లు కంప్రెసర్‌తో గాలి కొట్టి ఇచ్చే అలవాటు కూడా అంత మంచిది కాదు, ఆ ఒత్తిడికి కాగితం ఎక్కడో చిరుగుతుంది. మాన్యువల్‌లో రాసిన మైళ్లకు మార్చుకుంటే సరిపోతుంది. అదీ చాలా సందర్భాల్లో ఇంట్లోనే, నాలుగు క్లిప్పులు తీసి పెట్టే పని.

ఇంత చెప్పాక కూడా ఎయిర్ బాక్స్ తీసేసి శంకువు ఆకారపు కోన్ ఫిల్టర్ బిగించుకున్నవాడి ఆనందం అబద్ధం కాదు. కంపెనీ ఎయిర్ బాక్స్‌లో గాలి మోతను మింగేసే గదులుంటాయి. వాటిని తీసేస్తే ఇంజిన్ గొంతు విప్పుతుంది. ఆ మోతకు ఎంత గిరాకీ ఉందో కార్ల కంపెనీలకూ తెలుసు. 2011 మోడల్ మస్టాంగ్ జీటీకి ఫోర్డ్ కంపెనీయే ఒక గొట్టం అమర్చింది. ఇంజిన్ పీల్చే గాలి చప్పుడును క్యాబిన్‌లోకి చేరవేయడమే దాని పని. దానివల్ల ఒక్క గుర్రం కూడా పెరగదు.