భిన్నాల లెక్క - మన ఇంటి చరిత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మన పిల్లలు కొందరు ఉర్దూ మీడియం, కొందరు తెలుగు మీడియం, కొందరు ఇంగ్లీషు మీడియం చదువుతున్నారు. ఏ మీడియమైనా ప్రైమరీ స్కూలు దాటకముందే భిన్నాలు ఎదురవుతాయి. "1/2, 1/4, 1/8 - తరువాత వచ్చేది ఏది?" అని హోంవర్కు ఇస్తారు. పిల్లవాడు పుస్తకం తెస్తే, "మాకు ఈ లెక్కలు రావు బేటా, ట్యూషన్ సారును అడుగు" అని పంపించేస్తుంటాం. నిజానికి ఈ లెక్క తరతరాలుగా మన ఇండ్లలో ఉన్నదే. దాని చరిత్ర కొంచెం తెలిసినా పిల్లలకు చెప్పడం సులువవుతుంది.

ముందు మాట సంగతి చూద్దాం. భిన్నం అనగా విరిగినది. ఉర్దూలో 'కసర్' అంటాం. అది అరబ్బీ మాట, దాని అర్థమూ విరగడమే. ఒక నిండు వస్తువును సమాన ముక్కలు చేస్తే వచ్చేదే భిన్నం. ఇంతకన్నా పెద్ద నిర్వచనం పిల్లలకు అక్కరలేదు.

మన మూడు ఊళ్లూ 1948 వరకు నిజాం పాలనలోని నల్లగొండ జిల్లాలో ఉండేవి. అప్పుడు చెలామణి అయినది హాలీ సిక్కా రూపాయి. రూపాయికి పదహారు అణాలు. ఎనిమిదణాలు సగం, నాలుగణాలు పావు, రెండణాలు 1/8, ఒక అణా 1/16. పిల్లవాడి హోంవర్కులోని వరుస అచ్చంగా ఇదే! బ్రిటిషు రూపాయలు ఆరు ఇస్తే హాలీ రూపాయలు ఏడు వచ్చేవి. అనగా నూరు బ్రిటిషు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. ఆనాటి షాహుకారు దుకాణంలో గుమాస్తా ఈ లెక్క నోటితో చెప్పవలసిందే. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. 2011 జూన్ 30తో పావలా బిళ్ల కూడా చెల్లకుండా పోయింది. అయినా "చారానా కోడికి బారానా మసాలా" అనే సామెత పోలేదు. పావు, ముప్పావు తేడా దీనికంటే బాగా ఏ పుస్తకం చెబుతుంది?

పిల్లలు సాధారణంగా తడబడేది ఒక్కచోటే. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కనుక 1/4 కంటే 1/8 పెద్దదనుకుంటారు. కోప్పడకుండా ఒక రొట్టె తీసుకొని మధ్యకు విరవండి. సగాన్ని మళ్లీ సగం, దాన్ని మళ్లీ సగం చెయ్యండి. ముక్కల సంఖ్య పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందని వాడే చూస్తాడు. అప్పుడు 1/8 తరువాత 1/16 అని తానే చెబుతాడు. "1/2, 2/3, 3/4" అని ఇస్తే దారి వేరు. అక్కడ లవం ఒకటి, హారం ఒకటి పెరుగుతాయి, తరువాతది 4/5. కాబట్టి పైన ఏమి మారుతోంది, కింద ఏమి మారుతోంది అని విడివిడిగా అడగడం నేర్పాలి.

ఈ విద్యలో మన దేశం పేరు పాతది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం' రాశాడు. ఒకటిని ఎన్ని ముక్కలుగానైనా విడగొట్టే సూత్రం అందులో ఉంది. 1/2, 1/3, 1/9, 1/18 కలిపి చూడండి, సరిగా ఒకటి వస్తుంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అదే శతాబ్దంలో, ఇంకా ముందే, బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ 'అల్ జబ్ర్' గ్రంథం రాసి, అందులో పెద్ద భాగాన్ని వారసత్వపు లెక్కలకే కేటాయించాడు.

ఎందుకంటే ఖురాన్ షరీఫ్ సూరె నిసాలో వాటాలన్నీ భిన్నాలే. అవి ఆరు: 1/2, 1/4, 1/8, 2/3, 1/3, 1/6. గమనించండి, ఇవి రెండు వరుసలు. రెండింటిలోనూ ప్రతిది ముందుదానిలో సగం. మదర్సాలలో ఫరాయిజ్ చదివేవారు వీటిని ఇలాగే గుర్తుపెట్టుకుంటారు.

ఒక ఉదాహరణ. ఒకాయన చనిపోయాడు, అప్పులు, ఖర్చులు తీరాక 240 గజాల ఇంటి స్థలం మిగిలింది. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు 1/8, అనగా 30 గజాలు. మిగిలిన 210లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురుకు ఒక పాలు. కొడుకుకు 140, కూతురుకు 70 గజాలు. ఒక్కోసారి వాటాలు కలిపితే ఒకటి దాటుతాయి. భార్య, తల్లి, తండ్రి, ఇద్దరు కూతుళ్లు ఉంటే 24 భాగాలకు 27 అవుతాయి. అప్పుడు స్థలాన్ని 27 భాగాలే చేస్తారు. భార్య 1/8 కాస్తా 1/9 అవుతుంది. దీన్ని 'ఔల్' అంటారు. ఈ జవాబును హజ్రత్ అలీ మింబరు మీద ఉండగానే చెప్పారని ప్రతీతి.

"నీకు రావలసింది ఇదేనమ్మా" అని ఎవరో కాగితం పెడితే, చూసుకోకుండా సంతకం చేసే చెల్లెళ్లు మన ఇండ్లలో ఎందరో! 210లో మూడో వంతు ఎంతో తెలిసిన అమ్మాయి అలా సంతకం పెట్టదు, ఒకసారి ఆగి అడుగుతుంది. అందుచేత రేపు హోంవర్కు పుస్తకంతో కూతురు వచ్చినప్పుడు, కొడుకుకు ఇచ్చినంత సమయమే ఆమెకూ ఇవ్వండి. రొట్టెతో మొదలుపెట్టి ఈ 240 గజాల లెక్క దాకా ఆమెతోనే చేయించండి.