తండ్రి పోయిన పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి: 1890, 1956 చట్టాలు, మన ఆచారం



హాస్టల్ ఫారంలో "తండ్రి / సంరక్షకుడు" అన్న గడి దగ్గర మనలో చాలామందిమి పెన్ను పట్టుకుని ఆగినవాళ్ళమే. తండ్రి పోయి, తల్లి పుట్టింటికి వెళ్ళినా, మారుమనువు చేసుకున్నా ఆ గడే పెద్ద తగాదా అవుతుంది. "మా ఇంటిపేరు పిల్లలు, మా దగ్గరే ఉండాలి" అని చిన్నాన్నలు. "కన్నది నేను" అని తల్లి. చాలాసార్లు వెనకాల తండ్రి పేరున్న భూమి కూడా ఉంటుంది, అది వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా ఠక్కున చెప్పే మాట, "తండ్రి తర్వాత తల్లే గార్డియన్." ఇది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్‌లోది. (ఇక్కడ మైనారిటీ అంటే 18 ఏళ్ళు నిండకపోవడం.) కానీ అదే చట్టం 3వ సెక్షన్ చూడండి. కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఇది షెడ్యూల్డు తెగలకు వర్తించదని రాసి ఉంది. అదే కాలంలో వచ్చిన హిందూ వివాహ, వారసత్వ, దత్తత చట్టాల్లోనూ ఇదే మినహాయింపు. మన ఆచారాల జోలికి రాకూడదన్న ఉద్దేశం మంచిదే. కాకపోతే మన ఇళ్ళల్లో భర్త పోయిన ఆడమనిషికి ఆ 6వ సెక్షన్ అండ కూడా దాంతోపాటే పోయింది. ఈ మాట మన సభల్లో ఎవరూ పెద్దగా చెప్పరు.

మరి ఆమెకు మిగిలిందేంటి? ఒకటి ఆచారం, రెండోది బ్రిటిషువాళ్ళు తెచ్చిన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. ఇది మతం, తెగ చూడదు. 17వ సెక్షన్ ప్రకారం కోర్టు చూడాల్సింది పిల్లల క్షేమం, అదీ ఆ పిల్లలకు వర్తించే చట్టానికి లోబడి. పిల్లకు తెలివిగా చెప్పే వయసుంటే ఆ పిల్ల ఇష్టం కూడా అడగొచ్చు. అలాగని అది తల్లి పక్షం చట్టమేమీ కాదు. తండ్రి బతికుండి, అనర్హుడు కాకపోతే ఇంకొకరిని గార్డియన్‌గా పెట్టకూడదని 19వ సెక్షన్ అనేది. అందులో తల్లి పేరు చేరింది 2010 సవరణతోనే, అంటే 120 ఏళ్ళకి!

ఇక ఆచారం సంగతి. ఆదిలాబాద్ గోండుల్లో పిల్లలది తండ్రి సగే, నాలుగు నుంచి ఏడు దేవతల సగల్లో ఏదైనా సరే. భర్త పోయినామె మరిదిని చేసుకునే పద్ధతీ ఉండేది, అప్పుడు పిల్లలు ఆ ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళు. కానీ సగ తండ్రిది కావడం వేరు, పిల్ల ఎవరి చేతి అన్నం తిని పెరగాలన్నది వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేది ఎక్కువగా భూమి మీద కన్నున్నవాళ్ళే అని మాకనిపిస్తుంది.

కోర్టుకెళ్తే ఆచారం ఉందని చెబితే సరిపోదు, రుజువు చెయ్యాలి. 2001లో ఒక ఒరావ్ భార్య, సంతాల్ భర్త కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడని ఆమె ఫిర్యాదు. వివాహ చట్టం వాళ్ళకు వర్తించదు, రెండో పెళ్ళి చెల్లదనే ఆచారం ఉందని ఆమె రుజువు చెయ్యలేకపోయింది, ఓడిపోయింది. పిల్లల కేసుల్లోనూ మనకు ఎదురయ్యే చిక్కు ఇదే. రాయి సెంటర్లో సార్‌మేడి, ఊళ్ళో పటేల్, కులపెద్దలు ఎన్నో తగాదాలు తీర్చారు, కాగితం మీద ఎన్ని ఉన్నాయి? 1996 పెసా చట్టం ఆచార పద్ధతిలో తగాదాలు తీర్చుకోవడాన్ని కాపాడే శక్తి గ్రామసభకి ఇచ్చింది. ఆ గ్రామసభ పుస్తకంలో పిల్లల సంగతి ఒక్క తీర్మానమైనా ఉందేమో, ఈసారి ఊరెళ్ళినప్పుడు చూడండి.

మీ ఊళ్ళో తండ్రి పోయిన పిల్లల్ని పెద్దలు ఎవరి దగ్గర ఉంచారు, భూమి ఎవరు దున్నారు, తల్లిని అడిగారా లేదా, కింద రాయండి. తెగ పేరు, ఏ కాలం నాటి మాటో చెప్పండి. పిల్లల పేర్లు మాత్రం వద్దు.