డ్రమ్ హెడ్

డ్రమ్ కిట్‌లోని డ్రమ్ములకు బిగించే పల్చటి పొరను డ్రమ్ హెడ్ అంటారు. స్టిక్ దెబ్బకు మొదట కంపించేది ఇదే కాబట్టి, కిట్ నాదాన్ని మార్చడానికి అన్నిటికన్నా సులువైన మార్గం సరైన హెడ్‌ను ఎంచుకోవడమే.

పదార్థం: 1950ల మధ్య వరకు ఎక్కువగా దూడ చర్మం వాడేవారు. అది తేమకు వదులై, ఎండకు బిగుసుకొని శ్రుతి తప్పేది. అమెరికాలో చిక్ ఎవాన్స్, రెమో బెల్లి వంటివారు మైలార్ అనే పాలిస్టర్ పొరతో హెడ్‌లు తయారుచేసి ఈ ఇబ్బందిని తొలగించారు. రెమో సంస్థ 1957లో ఏర్పడింది.

మందం: సుమారు 0.25 మి.మీ. మందమున్న ఒంటిపొర హెడ్ చిన్న దెబ్బకూ స్పందిస్తుంది. నాదం తేటగా, ఎక్కువసేపు మోగుతుంది. అందుకే జాజ్ వాద్యకారులు దీన్ని ఇష్టపడతారు. రెండు పొరల హెడ్ గట్టి దెబ్బలకు ఓర్చుకుంటుంది. అతిస్వరాలు (ఓవర్‌టోన్లు) తగ్గి నాదం గుండ్రంగా, క్లుప్తంగా ఉంటుంది. ఇది రాక్ సంగీతానికి అనువైనది.

పూత: తెల్లని గరుకు పూత నాదాన్ని మృదువుగా చేస్తుంది. స్నేర్ డ్రమ్‌పై బ్రష్‌లతో వాయించడానికి ఈ గరుకుతనం తప్పనిసరి. పూతలేని హెడ్ దెబ్బను స్పష్టంగా, పదునుగా వినిపిస్తుంది.

కింది హెడ్: డ్రమ్ అడుగున బిగించే ఈ హెడ్ అనునాదాన్ని, నాదం నిలిచే కాలాన్ని ప్రభావితం చేస్తుంది. స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలు చురుగ్గా స్పందించాలంటే వాటిని ఆనుకున్న హెడ్ చాలా పల్చగా ఉండాలి.

హెడ్ ఏదైనా, అంచు చుట్టూ బిగువు సమానంగా ఉంటేనే దాని అసలు గుణం వినిపిస్తుంది.