ఓస్ట్ హౌస్

ఓస్ట్ హౌస్ అనగా హాప్ పూలను ఆరబెట్టుటకు నిర్మించిన వ్యవసాయ కట్టడము. ఇవి ఆగ్నేయ ఇంగ్లండులోని కెంట్, ససెక్స్ ప్రాంతాలలో ఎక్కువగా కలవు. నేడు వీటిలో అనేకం నివాసగృహాలుగా మారినవి.

చరిత్ర

హాప్ ఒక తీగ మొక్క. దీని పూగుత్తులు బీరుకు చేదును, సువాసనను ఇచ్చి, అది త్వరగా చెడిపోకుండా కాపాడుతాయి. 16వ శతాబ్దంలో ఈ సాగు ఇంగ్లండులో వ్యాపించినది. రెనాల్డ్ స్కాట్ 1574లో ప్రచురించిన గ్రంథంలో హాప్ సాగుతో పాటు ఆరబెట్టే కొలిమిని కూడా వర్ణించెను. 20వ శతాబ్ది మధ్యకాలం వరకు, ఏటా సెప్టెంబరులో తూర్పు లండన్ నుండి పేద కుటుంబాలు పూలు కోయుటకు కెంట్‌కు తరలివచ్చేవి.

నిర్మాణం, పనితీరు

ఓస్ట్ హౌస్‌లో కొలిమి గది, దానిని ఆనుకొని రెండంతస్తుల కొట్టు ఉంటాయి. కొలిమి గదిలో పైన సందులు గల చెక్క అటక, దానిపై గుర్రపు వెంట్రుకలతో నేసిన వస్త్రం ఉండేవి. పూలను ఆ వస్త్రంపై పరచి, క్రింద నిప్పు రాజేసేవారు. వేడిగాలి పూల గుండా పైకి పోయేది. కోసినప్పుడు సుమారు 80 శాతంగా ఉండే తేమ ఈ విధంగా 10 శాతం వరకు తగ్గేది. కప్పు కొనపై గల తెల్లని చెక్క టోపీ గాలివాటుకు తిరుగుతూ, వాన లోపలికి రాకుండా ఆవిరిని బయటకు పంపేది. ఆరిన పూలను కొట్టులో చల్లార్చి, పొడవైన సంచులలో కూరేవారు.

19వ శతాబ్ది ఆరంభంలో, వేడి సమానంగా వ్యాపించునని భావించి కొలిమి గదులను గుండ్రంగా కట్టిరి. తరువాత కట్టుటకు సులభమైన చదరపు గదులు మరల వాడుకలోనికి వచ్చినవి.

నివాసగృహాలుగా మార్పు

యంత్రాలతో కోత, ఆరబెట్టుట మొదలైన పిదప పాత కట్టడాలు నిరుపయోగమైనవి. వాటిని గృహాలుగా మార్చుటలో చిక్కులు లేకపోలేదు. కొలిమి గదికి కిటికీలు అరుదు. వంపు గోడల వెంబడి మంచాలు, బీరువాలు సరిగా అమరవు. టోపీని సాధారణంగా కదలకుండా బిగించి, గాలి, వాన చొరబడకుండా మూసివేస్తారు.

పరిరక్షణ

చారిత్రక కట్టడాల జాబితాలో చేరిన వాటి స్వరూపాన్ని మార్చుటకు ప్రభుత్వ అనుమతి అవసరం. నివాసయోగ్యం చేయుట వలన అనేక ఓస్ట్ హౌస్‌లు కూలిపోకుండా నిలిచినవి. అయితే ఆరబెట్టే అటక, కొలిమి వంటి లోపలి భాగాలు ఈ మార్పులో తరచుగా తొలగింపబడినవి. అందువలన బయటి రూపం మిగిలినా, పని జరిగిన తీరు తెలిపే ఆనవాళ్ళు లోపల చెక్కుచెదరక ఉన్న కట్టడాలకు చరిత్ర దృష్ట్యా విలువ ఎక్కువ.