నాయన వేసుకోనన్న చెప్పులు

ఈసారి రాజుల గురించి, కోటల గురించి కాదు. చెప్పుల గురించి రాస్తున్నాను.

మా ఇంటి అటక మీద ఒక జత చెప్పులున్నాయి. నల్లటి మెత్తటి అట్ట, వెడల్పు పట్టీలు, మడమ వెనక ఇంకో పట్టీ. కొని పదకొండేళ్లయింది. నాయన వాటిని రెండే రెండు రోజులు వేసుకున్నాడు. షుగర్ వల్ల ఆయన అరికాళ్లకు స్పర్శ తగ్గిందని డాక్టరు రాసిచ్చిన చెప్పులవి. మూడో రోజు బజారు నుంచి వచ్చి మూల పడేశాడు. "ఇవి కుష్టు చెప్పులురా. నాకేదో రోగమని వీధంతా చూస్తా ఉంది" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ చెప్పులు పుట్టిందే కుష్టు రోగుల కోసం. అదీ మన వేలూరు చుట్టుపక్కలే.

పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1914లో కొల్లిమలై కొండల్లో పుట్టాడు. ఇంగ్లండులో చదువుకుని 1946లో వేలూరు సీఎంసీకి వచ్చాడు. కుష్టు వస్తే మాంసం దానంతటదే కుళ్లిపోతుందని ఆ రోజుల్లో వైద్యులు కూడా నమ్మేవారు. బ్రాండ్ రోగుల చేతుల్ని, కాళ్లని దగ్గరగా చూసి వేరే మాట చెప్పాడు. వాళ్ల మాంసం మామూలు మాంసమే, పోయింది నొప్పి. నొప్పి తెలియదు కాబట్టి కాలినా, కోసుకున్నా, ఒరుసుకున్నా వాళ్లు ఆగరు. పుండుపడ్డ కాలికి పిండికట్టు వేసి ఒత్తిడి తగ్గిస్తే, ఏళ్ల తరబడి మానని పుండు కూడా మానేది.

చెప్పులో రాయి పడితే ఎంత బాధో వేమన ఎప్పుడో చెప్పాడు. మరి ఆ రాయి ఉన్నట్టే తెలియకపోతే? రోజంతా దాని మీదే నడుస్తాం. బ్రాండ్ చూసింది అదే. ఒక్క పెద్ద దెబ్బ కన్నా, ఒకే చోట వేలసార్లు పడే చిన్న ఒత్తిడి ఎక్కువ హాని చేస్తుంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే మైక్రోసెల్యులర్ రబ్బరు, అందరూ ఎంసీఆర్ అంటారు. లోపల సన్నని గాలి గదులుంటాయి. వేలితో నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. ఒంటి బరువును అరికాలంతా పంచుతుంది. దాని కింద ముల్లు, గాజుపెంకు దిగకుండా గట్టి రబ్బరు ఉంటుంది. మేకులు వాడరు. స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు కాబట్టి మడమ వెనక పట్టీ పెడతారు. కాట్పాడి దగ్గర కరిగిరిలో 1955లో మొదలైన కుష్టు పరిశోధన ఆసుపత్రిలో ఈ చెప్పులు కుట్టే పని, నేర్పే పని చాలా ఏళ్లు సాగింది. బ్రాండ్ 1966లో అమెరికా వెళ్లి, కార్విల్‌లోని కుష్టు ఆసుపత్రిలో అదే పని కొనసాగించాడు. ఇక్కడ నేర్చిన పాఠం అక్కడి నుంచి షుగర్ రోగుల కాళ్లకు కూడా చేరింది.

అంటే నాయన విసిరికొట్టిన చెప్పులకు లోకమంతా గౌరవం ఉంది, మన వీధిలో తప్ప.

తప్పు నాది కూడా. మా అమ్మాయి పెళ్లికి ఆయనకు మెరిసే తోలు బూట్లు కొన్నాను. ఆయన పాదం ముందువైపు బాగా వెడల్పు. అంగట్లో "వాడేకొద్దీ సాగుతుంది సార్" అన్నారు, నమ్మాను. రోజంతా వేసుకుని నవ్వుతూ తిరిగాడు. రాత్రి విప్పితే చిటికెనవేలి పక్కన మేజోడు తడిగా ఉంది. ఆయనకు తెలియనే లేదు. మూడు నెలలకు ఆ వేలు తీసేశారు.

మా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. వీధి చివర చెప్పులు కుట్టే తాత ఒకాయన ఉండేవాడు. అరుంధతియర్, మనలాగే ఇంట్లో తెలుగే. నాయన కాలు అట్టముక్క మీద పెట్టించి చుట్టూ గీత గీసేవాడు. ఆనె ఉన్నచోట వేలితో తడిమి అక్కడ తోలు వదులుగా వదిలేవాడు. ఊరందరి పాదాలకు కొలత తెలిసిన ఆ మనుషులనే చాలా ఊళ్లలో చెప్పులేసుకుని పెద్దవీధి నడవనివ్వలేదు. ఆ సిగ్గు మనది. ఆ పనితనాన్ని కూడా మనమే పోగొట్టుకున్నాం.

తర్వాత వచ్చిన అంగళ్లలో నంబర్లన్నీ బయటి దేశాల కొలతలే. మద్రాసు అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021-22లో దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. మనవాళ్ల పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్నా వెడల్పని తేలింది. మన కొలతకు 'భ' అని పేరు పెట్టారు. కాబట్టి బూటు బిగిస్తే తప్పు మీ కాలిది కాదు. వెడల్పు చాలక ఒక నంబరు పెద్దది కొంటే పొడుగు ఎక్కువై మడమ జారుతుంది. అదీ పుండుకు దారే.

నాయన ఇప్పుడు ఎంసీఆరే వేసుకుంటున్నాడు. వేలు పోయాక పాదం తీరు మారింది, అటక మీది జత సరిపోలేదు, కొత్తది కుట్టించాం. రోజూ రాత్రి అమ్మ ఆయన అరికాళ్లు దీపం దగ్గర చూస్తుంది. పొద్దున చెప్పులు దులిపి, లోపల చెయ్యిపెట్టి చూసి ఇస్తుంది.

వచ్చే నెల మన సమావేశానికి తెల్లకాగితాలు, పెన్సిలు తెస్తాను. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, కొలవడానికి అదే సరైన సమయం. పెద్దవాళ్లు ఒక్కసారి కాగితం మీద నిలబడండి, గీత గీస్తాను. మీ చెప్పు ఆ గీత మీద పెట్టి చూద్దాం. గీత బయటికి కనబడిందంటే ఆ చెప్పు మీది కాదు.